నల్లిసక మేడమ్

విజయనగరంలో ఒక పెళ్ళికి వెళ్ళి భోజనాల దగ్గర కూర్చున్నాను. పక్క కుర్చీలో ఉన్నావిడ అక్కడి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. నేను భావనపాడు వైపు టీచరుగా పనిచేస్తున్నానని తెలియగానే, "అయితే మీకు తెలిసే ఉంటుంది. మాతో పనిచేసినావిడ ఒకావిడ ఇసక కోసం మీ ఒడ్డుకి తిరిగేది చూడండి. పోయింది పాపం, వేసవిలోనే" అంది.

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "అయ్యో" కాదు. "ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. చావు కబురుకి సాక్ష్యం అడిగే మనిషిని ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు. కానీ పోయిన మనిషే నా చోట ఉంటే అదే అడిగి ఉండేది. ఎవరు చెప్పారు, వాళ్ళు చూశారా, చూస్తే దగ్గర్నుంచా దూరం నుంచా. నాకు ఈ అనుమానించే గుణం కొంత పుట్టింటి నుంచే వచ్చింది. మాది ఆమదాలవలసలో కిరాణా కొట్టు. బస్తా అడుగు నుంచి గింజలు తీయించి చూస్తే గాని మా నాన్న బేరానికి నోరు విప్పేవాడు కాదు. మిగిలినదంతా మేడమ్ దగ్గర అంటుకున్నదే.

మేమంతా ఆవిడని మేడమ్ అనేవాళ్ళం. చాటున నల్లిసక మేడమ్.

మొదటిసారి ఆవిడని చూసింది బడి వరండాలో. పిల్లలు మధ్యాహ్నం అన్నాలు తింటున్నారు. బయట గోల వినబడి వచ్చి చూద్దును కదా, ఊళ్ళో సగం మంది ఒక మనిషిని చుట్టుముట్టి తీసుకొస్తున్నారు. బక్కపలచగా ఉంది. పొందూరు ఖద్దరు చీర, చెప్పులు చేతిలో, వాచీ ముఖం మణికట్టు లోపలికి తిప్పి ఉంది. భుజానికి గుడ్డసంచి. ముందు ఎర్రమ్మ నడుస్తోంది. ఎర్రమ్మ చేపలు అమ్ముతుంది, ఊళ్ళో ఆమె నోటికి అందరూ జంకుతారు.

"టీచరమ్మా! ఈవిడెవులో సూడు. మన ఇసకలో అయస్కాంతమెట్టి ఏటో లాగేత్తంది" అంది.

ఊరివాళ్ళ భయానికి కారణం ఉంది. అంతకు ముందెప్పుడో ఎవరో వచ్చి సరుగుడు తోట పొడవునా కొలతలు వేసి, ఎర్రరంగు పూసిన రాళ్ళు పాతి వెళ్ళారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. అప్పట్నుంచి తెలియని మనిషి ఒడ్డున వంగి కనిపిస్తే చాలు, ఊరు ఊరంతా కదిలేది.

ఊరిపెద్ద కామయ్య ఆవిడ సంచి విప్పి చూశాడు. పాత లౌడ్ స్పీకరు లోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి, అంతకంటే చిన్నదీ గట్టిదీ మరొకటి, రెండూ పాలిథీన్ కవర్లలో చుట్టి ఉన్నాయి. ఒక డబ్బాలో గుప్పెడు నల్ల ఇసక.

"ఏటమ్మా ఇది?"

"నల్ల ఇసక. దీంట్లోంచి తెల్లపొడి వస్తుంది. గోడలకేసే తెల్లరంగులో ఉండేది అదే. ఆ పొడితో ఎండలోంచి కరెంటు తీయొచ్చునేమోనని చూస్తున్నాను."

ఎర్రమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "నల్లిసకలోంచి తెల్లపొడి. పొడిలోంచి కరెంటు. ఇంకేటొత్తాది? బంగారమా?"

"బంగారం రాదు. వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి."

"నువ్వు సెప్పింది మాత్రం నమ్మాలేటి?"

"వద్దు. నన్ను కూడా నమ్మకండి. మీరే చూడండి."

ఆ మాటకి నా అనుమానం ఇంకా గట్టిపడింది. మా కొట్టుకి వచ్చే బేరగాళ్ళలో "నన్ను నమ్మకండి బాబూ, మీరే చూసుకోండి" అనేవాళ్ళే ఎక్కువ ముంచిపోయేవారు.

చివరికి ఎర్రమ్మే తేల్చింది. ఇంట్లోంచి గిద్ద తెచ్చి, దాని నిండా నల్ల ఇసక కొలిచి ఇచ్చింది. "ఇదెట్టుకెళ్ళు. ఏటి సేసినావో తెచ్చి మాకు సూపించాల. నేకపోతే మళ్ళీ ఈ ఒడ్డు తొక్కకు" అంది. మేడమ్ ఆ ఇసకని ప్రసాదంలా రెండు చేతులతో పట్టుకుని డబ్బాలో పోసుకుంది. ఆమె బస్సెక్కాక కామయ్య నాతో, "సదువుకున్న దొంగలా ఉన్నాది" అన్నాడు. నేను కాదనలేదు.

ఆవిడ వచ్చింది. చిన్న సీసాలో తెల్లపొడి తెచ్చింది. ఎర్రమ్మ సీసా మూత తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, "మైదా" అంది.

"కొని తెచ్చారేమో" అని నేనూ అన్నాను, మర్యాద వదిలి.

మేడమ్ మొహం వెలిగిపోయింది. అలా వెలగడం తర్వాత చాలాసార్లు చూశాను. ఎవరైనా అడ్డం తిరిగి ప్రశ్న వేస్తే ఆవిడకి పండగ. "అవును. కొని తెచ్చి ఉండొచ్చు. మరి మీకెలా తెలియాలి? యాసిడ్ పని, పిల్లలు తిరిగే ఊళ్ళో చెయ్యలేను. మీరే మా ఇంటికి రండి. ఇసక కూడా మీరే తెచ్చుకోండి" అంది.

అలా నేనూ ఎర్రమ్మా విజయనగరం వెళ్ళాం. ఎర్రమ్మ తన ఇసక మూటని రైల్లో ఒళ్ళోంచి దింపలేదు. మేడమ్ ఒంటరి మనిషి. పెరట్లో రేకుల షెడ్డు, అందులో గాజు జాడీలు, కట్టెల పొయ్యి, గ్యాసు పొయ్యి, ఎవరో పారేసిన మిక్సీ. ఘాటు వాసన. మమ్మల్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మెత్తగా నూరిన మా ఇసకని యాసిడ్‌లో వేసి పొయ్యి మీద పెట్టింది. సాయంత్రానికి దించి, తెల్లారేవరకూ నాననివ్వాలంది.

"తెల్లారేవరకూ ఇక్కడెవులుంటారు? నువ్వు మార్సెయ్యవని ఏటి నమ్మకం?" అంది ఎర్రమ్మ. కొంగున కట్టుకొచ్చిన వలతాడు తీసి జాడీ మూతి చుట్టూ ముడి వేసింది. ఆ ముడి వాళ్ళ ఊరివాళ్ళకి తప్ప మరొకరికి రాదట. మేడమ్ వంగి ఆ ముడిని శ్రద్ధగా చూసి, "షెడ్డు తాళం కూడా మీ దగ్గరే ఉంచుకోండి" అని తాళంచెవి చేతిలో పెట్టింది.

పొద్దున్న ముడి అలాగే ఉంది. మేడమ్ ఆ ద్రావకాన్ని వడకట్టి, తుప్పులేని ఇనుప మేకులు కొన్ని అందులో వేసింది. ఇసకలోని ఇనుము తెల్లపొడితో కలవకుండా ద్రావకంలోనే ఉండిపోవడానికట. తర్వాత నీళ్ళు చేర్చి మరిగించింది. చాలాసేపు ఏమీ కాలేదు. ఎర్రమ్మ ఆవలించింది. ఉన్నట్టుండి గిన్నెలో తెలుపు మొదలైంది. ముందు పొగలా, తర్వాత గడ్డగడ్డలుగా.

ఎర్రమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. "ఓలమ్మో. పాలు ఇరిగినట్టు ఇరిగిపోతన్నాది" అంది. కాసేపు అలాగే చూసి, "మనిసిని నమ్మను గానీ, ఇది మాత్రం మా ఇసకే" అంది.

ఆ మాటని మేడమ్ చాలాకాలం చెప్పుకుంది. తనకొచ్చిన మెచ్చుకోళ్ళలో అంత నిక్కచ్చి మెచ్చుకోలు లేదనేది.

ఎందుకింత అవస్థ అని ఒకసారి అడిగాను. మా బడి కప్పు మీదికి చెయ్యి చూపించింది. అక్కడ ఒక సోలారు పలక ఉండేది. తుఫానుకి కొబ్బరిమట్ట పడి పగిలింది. తీసుకెళ్ళి చూపిస్తే కొత్తది పెట్టించుకోమన్నారు తప్ప బాగుచేస్తామన్నవాళ్ళు లేరు. "అది చేయాలంటే పెద్ద కొలిమి కావాలి, దుమ్ము లేని గది కావాలి. ఎక్కడో చేస్తారు, మనం కొనుక్కుంటాం. మంచివే, పాతికేళ్ళు ఉంటాయంటారు. నాకు పాతికేళ్ళు అక్కర్లేదు. కొన్నేళ్ళు బతికితే చాలు. పోతే ఇక్కడే, పొయ్యి మీద, ఈ ఊరివాళ్ళే ఇంకోటి చేసుకోగలగాలి" అంది. అని వెంటనే, "అవుతుందా అన్నది నాకూ అనుమానమే" అని చేర్చింది. ఆ తోక లేకుండా ఆవిడ ఏ వాక్యమూ ముగించేది కాదు.

బడికి సెలవున్న రోజుల్లో వచ్చేది. తెల్లపొడిని వెనిగర్‌తో కల్వంలో నూరి, గాజుపలక మీద పల్చగా పూసి, పొయ్యి మీద కాల్చేది. చల్లారాక నేరేడుపళ్ళ రసంలో నానబెట్టేది. తెల్లటి పూత వంకాయరంగుకి తిరిగేది. ఇంకో పలకని కొవ్వొత్తి మంట మీద పెట్టి మసి పట్టించేది. రెండింటినీ కలిపి, మధ్యలో అయోడిన్ మందు చుక్క వేసి, కాగితాల క్లిప్పులతో బిగించేది. ఆ గాజు మామూలు గాజు కాదు, కరెంటు పారే గాజు. "ఇదొక్కటి బయటినుంచి కొనాల్సిందే. ఇందులో నేను ఓడిపోయాను" అని ముందే చెప్పేసేది. ఎవరూ అడక్కుండానే.

పలకని ఎండలో పెట్టి మీటరు తగిలిస్తే ముల్లు కదిలేది. అందరూ ఓ అనేవారు. ఆవిడ మాత్రం అరచెయ్యి అడ్డం పెట్టేది. ముల్లు పడిపోయేది. చెయ్యి తీసేది. లేచేది. మళ్ళీ అడ్డం పెట్టేది. "ఎండలో పని చేసిందంటే సరిపోదు. నీడలో ఆగాలి. ఆగకపోతే ఎక్కడో మోసం ఉంది. అది నాదైనా సరే" అనేది.

అలాంటి పలకలు కొన్ని వరసగా కలిపి, గోడగడియారం నడిపించిన రోజు కామయ్య గడియారం వెనక మూత ఊడదీశాడు. లోపల బ్యాటరీ దాచిందేమోనని. లేదు. పలకల కింద చెక్క తిరగేశాడు. లేదు. ఆవిడ పక్కనే నిలబడి, "ఆ వైర్ల కింద కూడా చూడండి. అటు పక్క చూడలేదు" అని సాయం పట్టింది. కామయ్యకే సిగ్గేసి లేచిపోయాడు.

కొన్ని వారాలకే గడియారం ఆగిపోయింది. మా ఎండకి లోపలి ద్రవం ఆవిరైపోయింది. ఉప్పుగాలికి క్లిప్పులు తుప్పుపట్టాయి. మైనంతో పలకల మూతులు మూసింది. కరిగిపోయింది. పడవలకి పూసే ఫైబరు జిగురు పెట్టింది. దాన్ని అయోడిన్ తినేసింది. ప్రతిసారీ ఆగిన పలకని ఎండకి ఎత్తి పట్టుకుని చూసి, "అనుకున్నాను" అనేది. ఎర్రమ్మ దాన్నే పట్టుకుని, "అనుకున్నదానివి ఎందుకు సేసినావు?" అని దెబ్బలాడేది. దెబ్బలాడుతూనే చేపల పులుసు తెచ్చి పెట్టేది. ఊరు ఆవిడకి అలవాటు పడింది. నమ్మిందని చెప్పలేను. అలవాటు పడింది.

అప్పుడొచ్చాయి జీపులు.

మనుషులు దిగి, ఒడ్డు పొడవునా ఇనుప గొట్టాలు దింపి ఇసక తీశారు. సంచుల్లో పోసి మూతులు కుట్టారు. గొట్టం దింపిన చోటల్లా చిన్న జెండా పాతారు. ఏ కంపెనీ తరఫున వచ్చారంటే సరిగ్గా చెప్పలేదు. నల్ల ఇసకకి గిరాకీ ఉందని డ్రైవరు మాత్రం టీకొట్టు దగ్గర నోరుజారాడు.

ఊరికి అంతకంటే ఏం కావాలి? నల్ల ఇసకలో విలువుందని మొదట చెప్పింది ఎవరు? సంచిలో పట్టుకెళ్ళింది ఎవరు? నాకూ అదే తోచింది. ఆవిడ వేసిన ప్రశ్నలు, ఆవిడ తిరిగిన చోట్లు ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని చూశాను. అన్నీ మంచికీ మోసానికీ కూడా సరిపోయాయి.

తర్వాతి సెలవుకి ఆవిడ ఎప్పట్లాగే బస్సు దిగింది. ఈసారి కూర్చోమన్నవాళ్ళు లేరు.

"మా ఇసక ఎవులికి సూపించినావు?" అన్నాడు కామయ్య.

ఆవిడ జెండాల వైపు చూసింది. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేనైతే ఎవరికీ చూపించలేదని అనేసేదాన్ని. ఆవిడ ఆలోచించి చెప్పింది. "విశాఖపట్నంలో ఒక సభలో మాట్లాడాను. ఇసక ఏ ఒడ్డు నుంచి వచ్చిందో చెప్పాను. వినడానికి ఎవరెవరు వచ్చారో నాకు తెలియదు."

"అయితే నువ్వే."

"అయ్యుండొచ్చు. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు."

ఎర్రమ్మ ముందుకొచ్చింది. ఏడుస్తోందో తిడుతోందో తెలియడం లేదు. "నా సేత్తో కొలిసిచ్చినాను కదే నీకు!" అంటూ ఆవిడ సంచి లాక్కుని, అందులో ఉన్నదంతా ఇసకలో కుమ్మరించింది. గాజుపలకలు ఒకదానిమీద ఒకటి పడి పగిలాయి. మేడమ్ వంగి, పిల్లల కాళ్ళకి గుచ్చుకుంటాయని పెంకులు ఏరి కొంగులో పోసుకుంది. ఎవరూ సాయం చేయలేదు. బస్సు దాకా నేను వెంట నడిచాను.

"మీరే చెప్పి ఉంటారా?" అని అడిగాను, ఉండబట్టలేక.

"అదే నేనూ ఆలోచిస్తున్నాను. వాళ్ళు తప్పు చేయలేదు. నేనైనా అలాగే అనుమానించేదాన్ని" అంది. బస్సెక్కాక ఊరు కనబడే కిటికీ వైపు కాకుండా అవతలి సీట్లో కూర్చుంది.

కొన్నాళ్ళకి అధికారులు షామియానా వేసి, ఇసక తవ్వకం మీద ప్రజల అభిప్రాయం అడుగుతామన్నారు. ఊరంతా వెళ్ళింది. వేదిక మీద అధికారులు, పక్కన కంపెనీ మనిషి. అతను బాగా మాట్లాడాడు. ఈ ఇసక దేశానికి అవసరమన్నాడు. రంగులకి, విమానాలకి, రేపు సోలారు కరెంటుకి కూడా పనికొస్తుందన్నాడు. ఊరికి మేలన్నాడు.

వెనక వరసలోంచి "ఒక ప్రశ్న" అని వినిపించింది. మేడమ్. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నేనూ ఈ ఇసకతోనే పని చేశాను. నాకు గిద్దెడు చాలింది. మీరు ఎంత లోతు తవ్వుతారు? తవ్వాక ఆ గొయ్యి దేనితో పూడుస్తారు? ఒడ్డు తగ్గితే సముద్రం ఎంతవరకు వస్తుంది?"

అతను కాగితాలు తిరగేసి, నివేదికలో ఉంటుందన్నాడు. నివేదిక చూపించమంది. తర్వాత పంపుతామన్నాడు. జనం గొణగడం మొదలుపెట్టారు. అప్పుడు ఆవిడ అసలు వచ్చిన పని అడిగింది. "ఇంకొక్కటి. ఈ ఒడ్డు సంగతి మీకెలా తెలిసింది? విశాఖపట్నంలో ఒక సభలో నేను చెప్పడం వల్లేనా?"

కంపెనీ మనిషి నవ్వాడు. "ఏ సభ అమ్మా? ఈ తీరంలో నల్ల ఇసక ఉందని పాత మ్యాపుల్లోనే ఉంది. మీ సభ సంగతి మాకు తెలియనే తెలియదు."

ఊరివాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కామయ్య లేచి, అందరికీ వినబడేలా, "అయితే ఆవిడ తప్పు నేదురా" అన్నాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. మేడమ్ ఆగలేదు. కామయ్య వైపు తిరిగి, "ఇప్పటిదాకా ఆయన చెప్పిన ఒక్క మాటా మీరు నమ్మలేదు కదా. ఇదొక్కటే ఎలా నమ్ముతారు? నాకు అనుకూలంగా ఉందనా?" అంది.

ఎర్రమ్మ నుదురు కొట్టుకుంది. "ఓలమ్మా! ఒగ్గేత్తామంటే ఒగ్గించుకోదేటీ మనిసి? ఎవుల్నీ నమ్మొద్దంటే మరెలాగ బతకడం?"

"అడుగుతూ ఉండాలి" అంది మేడమ్.

"అడుగుదువు గాన్లే. ముందు పద, అన్నం తిందువు గాని" అని ఎర్రమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ రోజు ఊరంతా ఇసక తవ్వడానికి వీల్లేదని చేతులెత్తింది. జీపులు మళ్ళీ రాలేదు. జెండాలు ఎండకి రంగు వెలిసి, గాలికి చిరిగి పోయాయి. ఇంక రారని మాత్రం మా ఊళ్ళో ఎవరూ అనరు.

మేడమ్ ఆ తర్వాత కూడా కొంతకాలం వచ్చింది. ద్రవం అక్కర్లేని పూత ఏదో ప్రయత్నించింది. మూతి మూసే ఉపాయం చివరిదాకా కుదరలేదు. మోకాళ్ళు పట్టేసి బస్సు ఎక్కలేక రాకపోకలు తగ్గాయి. ఫోన్లో మాత్రం, "పిల్లలు ఏం అడుగుతున్నారు? ఏమీ అడక్కపోతే మీరు సరిగా చెప్పడం లేదేమో చూసుకోండి" అనేది.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన మర్నాడు ఎర్రమ్మ ఇంటికి వెళ్ళాను. చేపలు ఎండబెడుతోంది. విషయం చెప్పాను. తల ఎత్తలేదు.

"నువ్వు సూసినావా?"

"లేదు మామ్మా. ఆవిడతో పనిచేసినావిడ చెప్పింది."

"ఆవిడ సూసిందా?"

"తెలియదు."

"మరి ఎవులూ సూడకుండా సచ్చిపోయిందని ఎలాగ సెప్తారు? పద ఎల్దాం." తట్ట పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

మళ్ళీ ఇద్దరం విజయనగరం రైలెక్కాం. ఇంటి గేటుకి గొలుసు వేసి ఉంది. పిలిస్తే ఒక నడివయసు ఆవిడ వచ్చి, గొలుసు తీయకుండానే మమ్మల్ని ఎగాదిగా చూసింది. మేడమ్ తమ్ముడి భార్యట.

"ఎవరు మీరు? ఆవిడకేమవుతారు?"

నేను బడి పేరు చెప్పబోయాను. ఎర్రమ్మ అడ్డొచ్చింది. "ఏటీ అవ్వం. ఆవిడ నిజింగా పోనాదో నేదో సూసుకుందామని వొచ్చినాం."

ఆవిడ కాసేపు మా ఇద్దర్నీ చూసి గొలుసు తీసింది. ముందుగదిలో గోడకి ఫొటో ఉంది, దండ వేసి. ఉద్యోగంలో ఉన్నప్పుడు తీయించుకున్నది కాబోలు. తల కొంచెం వంచి, పళ్ళు కనబడేలా నవ్వుతోంది. ఎర్రమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఒక పక్క నుంచి చూసింది, ఇంకో పక్క నుంచి చూసింది. అద్దం మీద వేలు పెట్టి దండ పక్కకి జరిపి చూసింది.

"టీచరమ్మా, ఇది ఆవిడేనా? ఇంత నవ్వడం మనం ఎప్పుడూ సూళ్ళేదు కదా" అంది.

"ఆవిడే మామ్మా" అన్నాను.

"సరిగ్గా సూసి సెప్పు."

మళ్ళీ చూశాను. "ఆవిడే."

ఎర్రమ్మ ఇంకేం అడగలేదు. ఫొటో కింద నేలమీద చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.